గానుగ ముందరి పీట

చెరకు తోటలు అడవిని తాకే చోట భూషయ్య అనే ఎలుగుబంటికి బెల్లం గానుగ ఉండేది. తీపంటే ప్రాణం కనక ఆ వ్యాపారంలో దిగాడని కొందరనేవారు, దిగాక తీపి మీదే విరక్తి పుట్టిందని ఇంకొందరు. రెండూ నిజమే అయి ఉండొచ్చు. మిఠాయి కొట్టు యజమాని ఇంట్లో గోంగూర పచ్చడి నాకడం నేను కళ్లారా చూశాను.

సరే, గానుగ సంగతి. నిలువునా రెండు ఇనుప రోలర్లు, వాటి నెత్తిన పొడవాటి దూలం. ఓబన్న అనే ముసలి ఎద్దు ఆ దూలాన్ని లాగుతూ గుండ్రంగా తిరిగేవాడు. రోలర్ల ముందు పీట వేసుకుని చింకమ్మ అనే కోతి చెరకు గడలు అందించేది. దూలం తల మీదికి వచ్చినప్పుడల్లా వంగేది. ఆమె చేతులకీ రోలర్లకీ మధ్య అడ్డంగా ఒక చెక్క పలక, దానికి గడ దూరేంత కన్నం. పని చేయించే మేస్త్రీ పేరు వినయం. పేరు అదే గానీ జాతికి నక్క. అంతకంటే చెప్పక్కర్లేదు.

భూషయ్య మనసు మంచిది. కిందటేడు బెల్లం కాచే పెనం దగ్గర ఒక అడవిపంది కాలు కాల్చుకుంటే పది రోజులు తనే కట్టు కట్టాడు. అందుకే ఈ ఏడు అందరినీ పిలిచి చెప్పాడు: "సీజనంతా ఎవరికీ దెబ్బ తగలకపోతే మేస్త్రీకి కుండెడు పుట్టతేనె ఇస్తాను. సగం సీజనుకి సగం కుండ."

పొరపాటు అక్కడే జరిగింది. మా కాలేజీలో కెమిస్ట్రీ లాబు చూసే ఆయన గాజు గొట్టం పగిలితే జరిమానా వేసేవాడు. ఏడాది పొడుగునా ఒక్కటీ పగిలినట్టు పుస్తకంలో లేదు. లాబు వెనక పొదల్లోకి మాత్రం చెప్పుల్లేకుండా ఎవరూ వెళ్లేవారు కాదు.

దెబ్బలు ఆపడం కష్టం, దెబ్బ తిన్నవాళ్ల నోళ్లు ఆపడం సులువు. వినయం సులువైనదే పట్టుకున్నాడు. గోరు చితికిన ఉడుతకి బెల్లం ముక్క, నడుం పట్టేసిన గాడిదకి రెండు రోజుల సెలవు. పైగా పని తొందరగా తెమలడం లేదని ఆ చెక్క పలకని కూడా ఊడబీకించాడు.

"అంతా క్షేమమేనా వినయం?" అని భూషయ్య వారం వారం అడిగేవాడు.

"తమ చలవ అయ్యగారూ! దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టించాను. చీమకి కూడా గీత పడలేదు."

ఒకరోజు చింకమ్మ తోక చివర రోలర్ల మధ్య చిక్కుకుంది. ఆమె కేక విని ఓబన్న అడుగు పడేలోపే ఆగాడు కాబట్టి చివర మాత్రమే నలిగింది. వినయం పరుగున వచ్చి గుడ్డ చుట్టాడు.

"ఎవరైనా అడిగితే చెట్టు మీంచి పడ్డానని చెప్పు."

"కోతి చెట్టు మీంచి పడిందంటే మావాళ్లలో తలెత్తుకు తిరగనా మేస్త్రీగారూ?"

"అయితే తేలు కుట్టిందను. వేరేలా చెప్పావో, రేపటి నించి పీట మీద ఇంకొకరు కూర్చుంటారు."

నక్క వెళ్లాక ఓబన్న నెమ్మదిగా అన్నాడు. "ఈసారి తోక. వచ్చేసారి చెయ్యి. నీ చంటిదాన్ని దేంతో ఎత్తుకుంటావే?"

"చెబితే పని పోతుంది బాబాయ్. పని పోతే దానికేం పెట్టను?"

"నువ్వు చెప్పకు, నేనూ చెప్పను. మేస్త్రీ చేతే చెప్పిద్దాం."

మర్నాటికి సగం సీజను పూర్తయిందని భూషయ్య సగం కుండ తేనె పట్టుకొచ్చాడు. ఓబన్న కదలకుండా నిలబడ్డాడు.

"ఏం ఓబన్నా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందయ్యా. ఇంత క్షేమంగా నడిపిన మేస్త్రీగారు తేనె అందుకునే ముందు వారి చేత్తో నాలుగు గడలు పెడితే చూడాలని మా అందరి ముచ్చట."

"నేను పని చేయించేవాణ్ణి..." అని నక్క నసిగాడు.

"వేడుకగా ఉంటుందయ్యా, కూర్చో!" అన్నాడు భూషయ్య నవ్వుతూ.

వినయం పీట అంచున కూర్చున్నాడు. రోలర్ల వంక చూశాడు. తన కుచ్చు తోక వంక చూసుకున్నాడు. దాన్ని చుట్టి నోట కరుచుకున్నాడు.

"తోక నోట్లో ఎందుకు?"

"ఊఊ అఅ..."

"ఏమిటీ?"

"అలవాటండి," అన్నాడు నక్క, తోక వదిలి. అది జారి ముందుకి పడింది. ఓబన్న ఒక్క అడుగు వేశాడు. రోలర్లు కిర్రుమన్నాయి.

"ఆపు! ఆపు ఓబన్నా! పలక లేదురా! నిన్ననే చింకమ్మ తోక..."

అక్కడితో నోరు మూసుకున్నాడు గానీ, మాట బయటికి వచ్చేసింది.

భూషయ్య చింకమ్మ దగ్గరికి వెళ్లి గుడ్డ విప్పి చూశాడు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. "నాతో ఒక్కమాట చెప్పలేకపోయావా తల్లీ?"

"చెబితే ఆయనకి తేనె పోతుంది, నాకు పని పోతుంది అయ్యగారూ."

"అయితే నీ నోరు కట్టేసింది నేనే."

ముందు పలక బిగించాకే ఇంకో గడ కదలాలన్నాడు. తేనె కొంత చింకమ్మ గాయానికి తన చేత్తోనే రాశాడు. మిగిలింది, ఎక్కడ ఏ ముప్పు పొంచి ఉందో వచ్చి చెప్పినవాళ్లకి తలో చెంచా అన్నాడు. ఉడుత వచ్చింది, గాడిద వచ్చింది, పొద్దు వాలేసరికి కుండ అడుగు కనిపించింది.

వినయాన్ని మాత్రం వెళ్లగొట్టలేదు. "నువ్వే మేస్త్రీవి. కాకపోతే రోజూ మొదటి పది గడలు నువ్వే పెట్టాలి," అన్నాడు. ఇప్పుడు ఆ నక్క తెల్లారగానే పలక మేకులు ఒకటికి నాలుగుసార్లు లాగి చూస్తాడట. అంత జాగ్రత్తగల మేస్త్రీ చుట్టుపక్కల ఏ గానుగలోనూ లేడట.

తాను కూర్చోవడానికి భయపడే పీట మీద ఇంకొకరిని కూర్చోబెట్టకూడదు.