క్వాబెనా చెక్కిన ముఖం

క్వాబెనాకు అన్నం సయించడం మానేసింది.

కుమాసీ పట్నంలో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. ఆఫ్రికాలోని నాలుగైదు దేశాల కుర్ర కళాకారులు అందులో ఉన్నారు. తామెవరో, ఎలా ఎదిగారో తలా ఒక బొమ్మలో చూపించాలి. ప్రదర్శన ఇంకా కొన్నాళ్లుందనగా, తోటివాళ్లకు చూపించడానికి క్వాబెనా తన ముఖాన్నే కర్రలో చెక్కి తీసుకెళ్లాడు.

లాగోస్ నుంచి వచ్చిన ఫోలాషాదే అనే చిత్రకారిణి, అతని గురువు బొమ్మలు బాగా ఎరిగిన మనిషి, దాని చుట్టూ తిరిగి చూసింది.

"మొహం నీదే బాబూ, కాదనను. పనితనం మాత్రం మీ గురువుగారిది. ఆ ముసలాయన్ని కూడా రమ్మను, ఇద్దరూ పక్కపక్కన నిలబడుదురుగాని."

అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. నవ్వి, బొమ్మని సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

గురువు పేరు అజెపాంగ్. తండ్రి పోయిన పిల్లాణ్ణి చేరదీసి, ఉలి చేతికిచ్చినవాడు. కనురెప్ప కింద సన్నగా గీత తీయడం, చెంప దగ్గర ఉలిని కాస్త తిప్పి ఆపడం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. ఇప్పుడు ఆ గీత కనబడితే చాలు, క్వాబెనాకు ఒళ్లు మండుతోంది.

చెక్కపని చేసుకునే పాకలో కూర్చుని ఆ గీత చెక్కి తీసేశాడు. చెంపలోనూ ఆయనే కనబడ్డాడు. చెంపా తీసేశాడు. తర్వాత ముక్కు, పెదవి, నుదురు. తెల్లారితే ప్రదర్శన అనగా, చేతిలో ఒక నున్నటి కర్రముక్క మిగిలింది.

ఆ సాయంత్రం గురువు పాకలోకి వచ్చేసరికి శిష్యుడు తల వంచుకుని ఉన్నాడు.

"మీది తీసేద్దామనుకున్నాను తాతా. తీసేస్తే నాదంటూ కాస్తైనా మిగులుతుందనుకున్నాను. రేపు అక్కడ ఏం పెట్టను?"

ముసలాయన చీపురు తీసుకుని పాకంతా ఊడ్చాడు. దగ్గుతూనే ఊడ్చాడు. చెక్కపేళ్లన్నీ గోనెపట్టా మీదకెత్తి, తెచ్చి శిష్యుడి ముందు కుప్పగా పోసి, ఎదురుగా చతికిలబడ్డాడు.

"నావి ఏరి పక్కన పెట్టు నాయనా. పట్టుకుపోతాను."

క్వాబెనా ఒక పేడు తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎటు పెట్టాలో తెలియక మళ్లీ అక్కడే వేశాడు. ఇంకొకటి తీశాడు.

బయట వాన పట్టుకుంది. పొద్దు గుంకేసరికి నేల మీద ఉన్నది ఒకటే కుప్ప.