అసిరి పెట్టిన చోడి ముద్ద

అనగా అనగా, మా తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊళ్లో అసిరి అనే కలుపు కూలి మనిషి ఉండేది. ఊ కొట్టండి. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మీరు ఊ కొడుతుంటే కాస్త తమాయించుకుంటాను.

అందరూ కలుపని గట్టు మీద పారేసే గుంటగలగరాకును అసిరి ఒడి నిండా ఏరుకునేది. దంచి, రసం పిండి, నువ్వుల నూనెలో కలిపి సన్నని సెగ మీద కాచేది. చిటపట ఆగేదాకా కుండ దించేది కాదు. జుట్టు రాలే ఆడవాళ్లంతా ఆమె గుడిసెకే వచ్చేవారు.

ఆ ఊరి పెద్దింటి కోడలు వరహాలమ్మ మగపిల్లాణ్ణి కంది. నాలుగో నెలకి ఆమె జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడిపోయింది. అత్త మొహం చిట్లించింది.

"బోడి తలతో నా గడపలో తిరిగితే అరిష్టం. పంట ఇంటికొచ్చేలోగా జుట్టు రాకపోతే, పిల్లాణ్ణి ఉంచుకుని దీన్ని పుట్టింటికి తోలేస్తాను" అంది.

అసిరికి కబురు వెళ్లింది. అసిరి నూనె తెచ్చింది. వరహాలమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసింది. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"ఏటి తింతన్నావమ్మా?"

"బాలింతను కదే అసిరీ, పథ్యం. పూటకి గుప్పెడు మెతుకులు, కారప్పొడి."

నాలుగు నెలలుగా అదే తిండి! పైగా పిల్లాడికి పాలివ్వాలి.

అసిరి అత్త వైపు తిరిగింది. "అమ్మగోరూ, ముందు కడుపుకి ముద్ద ఎట్టండి. తర్వాత తలకి నూనె ఎట్టండి."

అత్త నూనె తీసుకుంది. ముద్ద పెట్టలేదు. తను మాత్రం పూటకి ఆరు గారెలు తింది.

రెండోసారి అసిరి నూనెలో మందార పూలు వేసి కాచి తెచ్చింది. అదే మాట చెప్పింది. అత్త నూనె తీసుకుంది. ముద్ద పెట్టలేదు.

మూడోసారి ఉసిరికాయలు కూడా వేసి తెచ్చింది. అదే మాట చెప్పింది. అత్త నూనె తీసుకుంది. ముద్ద పెట్టలేదు.

పంట ఇంటికొచ్చింది. జుట్టు రాలేదు. "ఈ ముండ నూనె వల్లే నా కోడలి తల బోడైంది" అని అత్త గొంతు చించుకుంది. పొలానికి పోతున్న అసిరిని పట్టించి, నడివీధిలో కూర్చోబెట్టి గుండు గీయించింది. ఊరంతా చూసింది. ఆ నూనెతో జడలు పెంచుకున్నవాళ్లూ చూశారు. ఒక్కరూ అడ్డు రాలేదు. థూ, అదీ ఒక ఊరేనా!

అసిరి లేచి నిలబడింది. "నా జుట్టు మళ్లీ మొలుస్తాది. ఆకలికి సచ్చిన మడిసి మళ్లీ మొలుస్తాదా?" అని అరిచింది.

ఆ అరుపు ఇంట్లో ఉన్న వరహాలమ్మకి వినపడింది. పిల్లాణ్ణి ఎత్తుకుని, గోడ పట్టుకుంటూ వీధిలోకి వచ్చింది.

"ఆకలేస్తోంది అసిరీ. నాకు ముద్ద పెట్టు."

అసిరి పొలానికని కట్టుకున్న మూట విప్పింది. చోడి ముద్ద, అదే రాగి ముద్ద, తోటకూర. వరహాలమ్మ అందరి ముందూ, వీధి మట్టిలోనే కూర్చుని తింది. వేళ్లు కూడా నాకింది.

"కూలిదాని కూడు తిన్నావు. ఇక నా గడప తొక్కకు. పిల్లాణ్ణి ఇటివ్వు" అంది అత్త.

"గడప తొక్కను. పిల్లాణ్ణి ఇవ్వను" అని వరహాలమ్మ అసిరి వెంట గుడిసెకి నడిచింది.

అప్పుడు కదిలారు ఊరి ఆడవాళ్లు! ఒకామె పెరుగు, ఒకామె గుడ్లు, ఒకామె నువ్వులుండలు పట్టుకుని వచ్చారు. ఏడాది తిరక్కుండా వరహాలమ్మ జడ నడుం దాటింది. పిల్లాడు ఆ జడ పట్టుకునే నడక నేర్చాడు.

అసిరి పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ మా వైపు జుట్టు రాలుతోందని ఏ అత్తయినా కోడల్ని తీసుకొస్తే, నూనె కాచేవాళ్లు వెంటనే సీసా తియ్యరు. కోడలికి పీట వేసి అన్నం వడ్డిస్తారు. ఆమె కడుపు నిండా తిని చెయ్యి కడిగేదాకా అత్త నిలబడే ఉండాలి. కాళ్లు పీకుతున్నాయని కూర్చోబోతే, "లే, అసిరి చూస్తోంది" అంటారు.