గుబురయ్య పెంచిన నీటిబల్లులు

అనగనగా, చలి ఎక్కువగా ఉండే ఒక కొండ అడవిలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒంటరివాడు. మంచివాడు. గొంతు మాత్రం చాలా పెద్దది.

ఒక వానాకాలం కొండచరియ విరిగిపడి, ఆ అడవిలో ఉన్న ఒకే ఒక్క మడుగు పూడిపోయింది. ఆ మడుగులో నీటిబల్లులు ఉండేవి. మీరు చూసి ఉండరు. ఆకారం బల్లిలా ఉంటుంది, తడి చర్మం కప్పలా ఉంటుంది, తోక చేపలా ఉంటుంది. వాటిలో రెండే మిగిలాయి. ఆడదాని పేరు చెమ్మక్క. మగవాడి పేరు చారప్ప. బురదలో కొట్టుకుంటున్న ఆ ఇద్దరినీ గుబురయ్య అరచేతిలో పెట్టుకుని తెచ్చాడు. గుహ ముందున్న బండ గుంటలో నీళ్ళు నింపి, ఆకులున్న నీటిమొక్కలు నాటి, వాళ్ళను అందులో వదిలాడు.

"ఈ అడవిలో మీ జాతికి మీరిద్దరే మిగిలారు. మీకు పిల్లలు కలగాలి. ఆ సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

చెమ్మక్క ఏదో చెప్పబోయింది. అప్పటికే అతను అడవికోడి ఇంటికి బయల్దేరాడు.

"గుడ్లంటే వెచ్చదనం," అంది అడవికోడి. "ఏడుసార్లు పొదిగాను. నాకు తెలియదా?"

చలికాలం రాగానే గుబురయ్య గుంట మీద ఎండుగడ్డి మందంగా కప్పాడు. ఎండలో కాగిన రాళ్ళు తెచ్చి నీళ్ళలో వేశాడు. నీటిబల్లులు తిండి మానేశాయి.

"అన్నా, కాస్త చల్లగా ఉంటే..." అంది చెమ్మక్క.

"నీరసంగా ఉన్నావు, మాట్లాడకు తల్లీ," అన్నాడు గుబురయ్య. ఇంకో రాయి వేశాడు.

ఒకరోజు పెద్ద గాలి వీచి గడ్డంతా ఎగిరిపోయింది. మంచు పడింది. నీళ్ళ అంచున పలచగా గడ్డకట్టింది. ఇద్దరూ చచ్చిపోయారనుకుని గుబురయ్య భోరుమన్నాడు. తొంగి చూస్తే, ఇద్దరూ వానపామును చెరో కొసా పట్టుకుని తింటున్నారు.

ఎండలు మొదలయ్యేసరికి చారప్ప తోక ఊపుతూ చెమ్మక్క ముందు ఆడాడు. చెమ్మక్క ఒక్కొక్క గుడ్డూ పెట్టి, ఒక్కొక్క ఆకులో చుట్టి మడిచింది. మొత్తం అరవై మూడు.

గుబురయ్య ఆనందంతో కొండముచ్చుకు కబురు చెప్పాడు.

"పిల్లల్ని మాత్రం తల్లిదండ్రుల నుంచి విడదీయకు. పాపం తగులుతుంది," అంది కొండముచ్చు, చంకలో బిడ్డను సర్దుకుంటూ.

గుబురయ్య విడదీయలేదు. వారం తర్వాత లెక్కపెడితే పదకొండు గుడ్లున్నాయి.

"మిగతావి ఏమయ్యాయి?"

"తిన్నాం," అన్నాడు చారప్ప.

"మీ పిల్లల్నా!"

"ఆకలేసింది. ఎదురుగా ఉన్నాయి."

"మడుగులో అయితే గుడ్లు పెట్టి దూరంగా వెళ్ళిపోతాం," అంది చెమ్మక్క. "ఇక్కడ వెళ్ళడానికి చోటేదీ?"

గుబురయ్య ఆ పదకొండు గుడ్లను ఆకులతో సహా పక్క గుంటలోకి మార్చాడు. పదకొండూ పిల్లలయ్యాయి. మెడకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు. గుబురయ్య నలుసంత నీటిపురుగుల్ని పట్టి తెచ్చి, తన వేలి గోటి మీద పెట్టి తినిపించేవాడు. ఒక్కొక్కరికీ పేరు పెట్టాడు.

కొన్ని నెలలకు పిల్లల మొప్పలు కుంచించుకుపోయాయి. గుబురయ్య కంగారుపడి ఏటి ఒడ్డుకెళ్ళి చేపను అడిగాడు.

"నీటి పిల్లలకు నీళ్ళే ప్రాణం. అంచుల దాకా నింపు. బయటికి రానివ్వకు," అంది చేప.

గుబురయ్య అంచుల దాకా నింపాడు. పిల్లలు గట్టు ఎక్కబోతే వేలితో మెల్లగా లోపలికి తోశాడు. వాళ్ళు మళ్ళీ ఎక్కారు. అతను మళ్ళీ తోశాడు. సాయంత్రం దాకా ఓపిగ్గా అదే పని చేశాడు. తర్వాత గుంట చుట్టూ నున్నటి రాళ్ళు పేర్చి పడుకున్నాడు.

తెల్లారేసరికి ఎనిమిది మంది మునిగి చనిపోయారు.

గుబురయ్య వాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ పైకి తీశాడు. మిగిలిన ముగ్గురు నీటిపైకి తేలిన ఒక ఆకును పట్టుకుని వేలాడుతున్నారు. అతను చెమ్మక్క దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మొదటిసారి గొంతు తగ్గించాడు.

"వాళ్ళకు ఏం కావాలమ్మా?"



"నేల కావాలి," అంది చెమ్మక్క. "మొప్పలు పోతే ఇక గాలి పీల్చాలి. తడి నాచులో, పుచ్చిన దుంగ కింద బతకాలి. పెద్దయ్యేదాకా నీళ్ళ మొహం చూడరు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మూడుసార్లు చెప్పబోయాను. మీరు పక్కవాళ్ళను అడగడానికి వెళ్ళారు."

గుబురయ్య తల దించుకున్నాడు. కాసేపటికి రాళ్ళన్నీ తీసేశాడు. గుంటలోంచి నాచు దాకా ఒక వాలు కొమ్మ పెట్టాడు.

"వెళ్ళిపోతే మళ్ళీ వస్తారా?" అని అడిగాడు.

"తెలియదు," అంది చెమ్మక్క.

ముగ్గురూ కొమ్మ ఎక్కి, ఆకుల కిందికి దూరి వెళ్ళిపోయారు. ఒక్కరూ వెనక్కి చూడలేదు. గుబురయ్య చూస్తూ ఉండిపోయాడు.

మరుసటి ఏడు గుడ్లు పెట్టేముందు అతను చెమ్మక్కను అన్నీ అడిగాడు. ఆమె అన్నీ చెప్పింది. చివర్లో, "రోజూ పొద్దున్నే మాకోసం పాట పాడుతున్నారు, అది మానేయండి," అని కూడా చెప్పింది. మానేశాడు. ఆ ఏడు నలభై మంది నేలకెక్కారు.

మూడేళ్ళు గడిచాయి. ఒక వాన పొద్దున, ఎదిగిన నీటిబల్లులు రెండు నాచులోంచి నడుచుకుంటూ వచ్చి గుంటలోకి దిగాయి. తొలి ముగ్గురిలో ఇద్దరు. వీపు మీది చుక్కలు చూసి గుబురయ్య గుర్తుపట్టాడు. వాళ్ళు అతన్ని గుర్తుపట్టలేదు.

"ఎవరు మీరు?" అని అడిగారు.

గుబురయ్య తానెవరో చెప్పుకోలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయా అని మాత్రం అడిగి, జవాబు వచ్చేదాకా వానలో కూర్చున్నాడు.

నీతి: ఎవరినైనా పెంచేటప్పుడు వాళ్ళకు ఏం కావాలో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి, తెలుసుకోని ప్రేమ ఎంత పెద్దదైనా ప్రాణం నిలబెట్టలేదు.