ప్లాస్టిక్ తినే కోటిమంది చుట్టాలు

వీధి మొత్తానికి బుర్రున్నది తమ ఇంట్లోనే అని సన్యాసమ్మ నమ్మకం. మొగుడు పోలినాయుడిదీ, మరిది గవర్రాజుదీ అదే మాట. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇక నాలుగోవాళ్ళని అడగలేదు.

ఒకరోజు కాలేజీ మేష్టారు స్టీలు డ్రమ్ము తెచ్చి వాళ్ళ పాకలో దించారు.

"ఇందులో కంటికి కనిపించని జీవులు కోటి దాకా ఉన్నాయమ్మా. ప్లాస్టిక్ చెత్త తింటాయి. తిని అవి తయారుచేసే సరుకుతో మట్టిలో కలిసిపోయే సంచులు చేస్తాం. పది కిలోల చెత్త వెయ్యండి. పది రోజుల్లో ఒక్క కిలో తగ్గినా చాలు, సంచుల కార్ఖానా ఈ పాకలోనే పెడతాను, మీ ముగ్గురికీ పని. వీటిని చుట్టాల్లా చూసుకోండి."

అంతే. సన్యాసమ్మ కొంగు బిగించింది.

గవర్రాజు వీధంతా తిరిగి పది కిలోల పాత కవర్లు ఏరుకొచ్చాడు. సన్యాసమ్మ ముక్కు మూసుకుంది. "ఎవరో వాడి పారేసినవి. చుట్టాలకి ఎంగిలి పెడతామా మరిదీ?"

ఇంకేముంది, పాతవన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేశారు. కొట్టుకెళ్ళి పది కిలోల కొత్త కవర్లు కొనుక్కొచ్చి వడ్డించారు.

మర్నాడు తూచారు. పది కిలోలూ పదే.

"మొహమాటం," అన్నాడు పోలినాయుడు. "మనం చూస్తుంటే ఎలా తింటారు?"

ముగ్గురూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. మళ్ళీ తూచారు. పదే.

"ప్రయాణం చేసొచ్చారు. స్నానం చెయ్యందే ముద్ద దిగుతుందా?" అంది సన్యాసమ్మ. అంతే, సలసలా కాగే నీళ్ళు రెండు బిందెలు డ్రమ్ములో పోశారు.

గవర్రాజు చెవి ఆనించి విన్నాడు. "హాయిగా నిద్రపోయారు వదినా."

పదో రోజు మేష్టారొచ్చారు. మూత తీశారు. అలాగే కూలబడ్డారు.

"అన్నీ చచ్చిపోయాయమ్మా. సరే, సోమవారం ఇంకో డ్రమ్ము తెస్తాను. ఈసారన్నా పాత ప్లాస్టిక్ వెయ్యండి. ఇదే ఆఖరి అవకాశం."

ఆయన అటు వెళ్ళగానే సన్యాసమ్మ కళ్ళొత్తుకుంది. "మనింట్లో పోయారు. దినం మనమే చెయ్యాలి."

గవర్రాజు చటుక్కున లెక్క కట్టాడు. "పోయినవాళ్ళు కోటి. ఒక్కొక్కరి పేరున ఒక్కరికే పెట్టినా కోటి విస్తళ్ళు. రోజుకి వెయ్యిమంది చొప్పున ఇరవయ్యేడేళ్ళు పెడితే సరిపోతుంది."

సోమవారం మేష్టారు కొత్త డ్రమ్ముతో దిగేసరికి వీధంతా పందిరి, భోజనాల బంతులు. ఎవరి ముందు చూసినా కొత్త ప్లాస్టిక్ ప్లేటు, ప్లాస్టిక్ గ్లాసు.

"ఇదేంటమ్మా?" అన్నారాయన నీరసంగా.

"దినం కదా మేష్టారూ. పోయినవాళ్ళకి ఇష్టమైనవే పెట్టాలి."