డప్పు స్వాధీనం

పూర్వం ఒక సంస్థానంలో దండోరా వేసే బక్కన్న, ఇంట్లో గింజల్లేక తన డప్పునే కోటిలింగం శెట్టికి తాకట్టు పెట్టాడు. గడువుదాకా డప్పు బక్కన్న దగ్గరే ఉంటుంది, దాటితే శెట్టిది. గడువు దాటింది. శెట్టి ఉత్తరీయం సర్దుకుంటూ, ధర్మాధికారిని వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"డప్పు ఇచ్చెయ్యరా."

"అట్టాగే దొరా. మరి ఊరేగింపు ఎప్పుడు పెట్టుకుందాం?"

"ఊరేగింపేమిటి?"

బక్కన్న అమాయకంగా ధర్మాధికారి వైపు తిరిగాడు. "తాకట్టు సొత్తు స్వాధీనం చేసుకునేవాడు దాన్ని పట్టుకుని ఊరంతా తిరగాలి, వెంట దండోరా మోగాలి. అదే కదయ్యా మన శాసనం? పొలమైతే గుప్పెడు మన్ను, ఇల్లయితే తాళంచెవి. ఇదేమో డప్పాయె. షావుకారు మెడలో వేసుకుని నడిస్తే, నేను పక్కనుండి కొడతాను."

డప్పు నీడ తగిలినా స్నానం చేసే శెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. వాకిట్లో మూగిన జనం పైపంచెల చాటున నవ్వుకున్నారు.

"నేను మొయ్యను. నేను మోసేదాకా వాడూ కొట్టకూడదు," అన్నాడు శెట్టి.

"గడువు దాటిన సొత్తును షావుకారు స్వాధీనం చేసుకునేదాకా, లేదా అప్పు తీరేదాకా, బాకీదారు వాడుకోకూడదు. అదీ శాసనమే," అన్నాడు ధర్మాధికారి.

డప్పు బక్కన్న ఇంటి చిలక్కొయ్యకే ఉండిపోయింది. కూలికి పోయి ఆ అప్పు తీర్చాలంటే ఏళ్లు పట్టేట్టుంది. జాతర నాడు పొరుగూరి డప్పులు వీధిలో మోగుతుంటే, అతని వేళ్లు మోకాలి మీద దరువు వేస్తున్నాయి.

"గెలిచావుగా బావా, ఆ మొహమేంటి?" అంది మరదలు.

"గెలిచానే. డప్పు నాకు దక్కింది. మోత షావుకారు పట్టుకుపోయాడు."