ఉస్తాద్ ఎడమ బొటనవేలు

వాగ్దేవికి ఆ వారం అన్నం సహించలేదు. సోమవారం ఆమె పనిచేసే వీడియో గేముల కంపెనీలో మీటింగు. 'రేవు' నాలుగో భాగం ఎప్పటిలాగే టీవీకి తగిలించి ఆడే కన్సోల్ మీద రావాలా, లేక ఫోన్‌లోకి దిగాలా అన్నది ఆ రోజు తేలిపోతుంది. ఫోన్ అన్నారంటే ఉద్యోగం మానేస్తానని ఆమె ఇంట్లో అప్పుడే చెప్పేసింది కూడా.

రేవు ఆట తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. అందులో తుపాకులు లేవు, గుద్దులాటలు లేవు. మీరు పడవ నడుపుతారు. ఒడ్డు నుంచి ఒక ఆడగొంతు "పడవోయ్!" అని కేక వేస్తుంది. మీరు వెళ్లి, అక్కడ నిలబడ్డ మనిషిని ఎక్కించుకుని, అవతలి ఒడ్డున దింపాలి. అంతే. రెండు చేతులా పట్టుకున్న కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలితో పడవ తిప్పుతారు, కుడి బొటనవేలితో తెడ్డు వేస్తారు. నది మధ్యకు వచ్చాక తెడ్డు ఆపి ఊరికే కూర్చుంటే, ఎక్కినవాళ్లు మెల్లగా నోరు విప్పి తమ సంగతి చెబుతారు. తొందరపడి తెడ్డు వేసేవాళ్లకు ఏ సంగతీ వినపడదు. ఇలాంటిదాన్ని ఎవరు ఆడతారని మొదట్లో అందరూ నవ్వారు. తరవాత చూస్తే, గదిలో లైట్లు ఆర్పుకుని టీవీ ముందు కదలకుండా కూర్చున్నవాళ్లు లక్షల్లో తేలారు.

ఆ ఆట పుట్టింది ఖాసిం గారి చేతుల్లో. ఆయన సినిమా హోర్డింగులకు రంగులు వేసి, అక్కణ్నుంచి కార్టూన్ బొమ్మలకు, అక్కణ్నుంచి వీడియో గేములకు వచ్చిన మనిషి. మూడో భాగం అయ్యాక రిటైరయ్యారు. గేములు చేసేవాళ్లందరికీ ఆయన ఉస్తాద్. వాగ్దేవికి మరీను. నీళ్లు ఎలా కదులుతాయో బొమ్మల్లో చూపించకుండా, ఆమె చెయ్యి బకెట్లో పెట్టించి నేర్పింది ఆయనే.

శుక్రవారం సాయంత్రం ఆమె టోలిచౌకిలో ఆయన ఇంటికి వెళ్లింది. ఖాసిం గారి భార్య మెహరున్నీసా లోపలి గదిలో పడుకుని ఉంది. ఆవిడకు ఒంట్లో బాగోవడం లేదని వాగ్దేవి విన్నది. పలకరించాలనే అనుకుంది గానీ, బుర్రనిండా సోమవారమే ఉండటంతో నేరుగా తన గోడు మొదలుపెట్టింది.

"ఉస్తాద్, మీరు ఒక్క మాట అనాలి. రేవు ఫోన్‌లో వద్దు అని. మీరంటే కంపెనీలో ఎవరూ కాదనరు."

"ఎందుకు వద్దు?"

"ఫోన్‌లో ఆడేది ఎవరు ఉస్తాద్? బస్సొచ్చేలోపు, కుక్కరు కూత పెట్టేలోపు ఆడేవాళ్లు. నది మధ్యలో తెడ్డు ఆపి కూర్చునే ఓపిక వాళ్లకెక్కడిది? మీరు అంత ప్రేమగా చేసిన ఆట. వాళ్ల చేతుల్లో పడితే నాకు ఏడుపొస్తుంది."

"ఫోన్‌లో ఆడి చూశావా?"

వాగ్దేవి కాస్త గర్వంగానే ఫోన్ తీసింది. "మచ్చుకి ఒకటి నేనే చేశాను. కంట్రోలర్ మీద ఏముందో అదంతా అలాగే అద్దం మీదికి దించాను. ఎడమ మూల ఒక గుండ్రం, కుడి మూల ఒక గుండ్రం. ఇంకేమీ మార్చలేదు. ఒక్క నిమిషం ఆడితే చాలు, ఎవరైనా విసుగొచ్చి అవతల పారేస్తారు. సోమవారం మీటింగులో కంపెనీవాళ్ల చేతికే ఇస్తాను, వాళ్లే పారేస్తారు."

ఓడిపోవడం కోసమే ఒక ఆటను ఇంత శ్రద్ధగా చేసుకురావడం మామూలు తెలివి కాదు. ఖాసిం గారు శిష్యురాలి మొహం చూసి నవ్వారు. కోప్పడలేదు.

"రేపు పొద్దున నాతో ఒక చోటికి రా. అక్కడ ఆడి చెబుతాను. ఫోన్‌లో ఛార్జింగు ఉండేలా చూసుకో."

మర్నాడు ఆయన తీసుకెళ్లింది డయాలసిస్ సెంటర్‌కి. వాగ్దేవి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వరసగా మంచాలు, మంచం పక్కన ఒక్కో యంత్రం. మంచానికొకరు, ఒక చెయ్యి దిండు మీద చాపి, ఆ చేతికి గొట్టాలు తగిలించుకుని పడుకుని ఉన్నారు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. రెండో చేతిలో దాదాపు అందరికీ ఫోన్ ఉంది. చాలామంది దాన్ని చూడటం కూడా మానేసి సీలింగు వైపు చూస్తున్నారు.

కిటికీ పక్క మంచం మీద మెహరున్నీసా. ఎడమ చేతికి గొట్టాలు, ప్లాస్టర్లు. ఆవిడ జబ్బు ఇంత దూరం వచ్చిందని వాగ్దేవికి తెలియదు. నిన్న గది గుమ్మంలోకి కూడా తొంగిచూడనందుకు ఆమెకు సిగ్గేసింది.

"ఏవమ్మాయ్, నిన్న ఇంటికొచ్చి పలకరించకుండానే వెళ్లిపోయావు. ఇక్కడైతే నేనెక్కడికీ పోలేనని వచ్చావా?" అంది ఆవిడ.

"తప్పయిపోయింది పిన్నీ."

"ఇంత సన్నబడ్డావేవిటి? ఈయన నిన్ను ఇంకా బకెట్లో చెయ్యి పెట్టమంటున్నారా?"

వాగ్దేవి నవ్వేలోపే ఖాసిం గారు ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"ఉస్తాద్, అది వద్దు. అది పిన్నికి ఇచ్చేది కాదు."

ఆయన వినిపించుకోలేదు. శాలువా మడత పెట్టి భార్య ఒళ్లో వేసి, దాని మీద ఫోన్ అడ్డంగా పెట్టారు. ఇయర్‌ఫోన్ ఒకటి ఆవిడ చెవిలో, రెండోది తన చెవిలో పెట్టుకున్నారు.

"మన రేవు. ఫోన్‌లోకి వచ్చింది. చూడు."

కాసేపటికి ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "ఏవండీ, ఇది నా గొంతు కదూ!"

"మరి ఎవరిదనుకున్నావు?"

"పడవోయ్ అన్నది మీరా పిన్నీ?" అంది వాగ్దేవి. ఇన్నేళ్లుగా ఆ కేక వింటూ, ఎవరో డబ్బింగు ఆవిడదనుకుంది.

"వంటింట్లో ఉన్నదాన్ని పిలిచి అనిపించారమ్మాయ్. మా లంకలో చిన్నప్పుడు పడవ కోసం అలాగే కేకేసేవాళ్లం. ఆ గొడవలో స్టవ్వు మీద పాలన్నీ పొంగిపోయాయి."

అంటూనే ఆవిడ కుడి బొటనవేలితో తెడ్డు వేసింది. పడవ కదిలింది. తిప్పాలంటే ఎడమ మూలకు వేలు తేవాలి. ఎడమ మూలకు తెస్తే తెడ్డు ఆగిపోతుంది. మళ్లీ తెడ్డు వేసేసరికి పడవ ఇంకెటో తిరిగి ఉంటుంది.

"ఇదేవిటండీ, పడవ గానుగెద్దులా తిరుగుతోంది!"

వాగ్దేవి అనుకున్నట్టే జరుగుతోంది. ఒక్క నిమిషం, ఆ తరవాత విసుగు. కానీ మెహరున్నీసా ఫోన్ పారెయ్యలేదు. పడవ ఇసుకమేటకు కొట్టుకుంది. ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ కొట్టుకుంది. చాపిన చెయ్యి మరచిపోయి కదపబోయి, నొప్పికి పెదవి కొరుక్కుని, మళ్లీ మొదలుపెట్టింది.

"ఇలా ఇచ్చెయ్యండి పిన్నీ. అది నేను సరిగ్గా చెయ్యలేదు." వాగ్దేవి ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"ఉండమ్మాయ్. అవతల పాపం ఆ ముసలమ్మ నిలబడి ఉంది కదా."

ఖాసిం గారు లేచి, స్టూలు భార్యకు ఎడమ పక్కకు లాక్కున్నారు. గొట్టాలకు తగలకుండా వంగి, కదలని ఆ చేతి మీదుగా తన ఎడమ చెయ్యి చాపి, ఫోన్ ఎడమ మూలన బొటనవేలు ఆనించారు.

"నేను తిప్పుతాను. నువ్వు తెడ్డెయ్యి."

"అటు కాదండీ, ఇటు."

"ఇటే కదా తిప్పుతున్నాను."

"పెళ్లయినప్పట్నుంచీ ఇంతే. చెప్పింది వినరు."

పోట్లాడుకుంటూనే ఒడ్డు చేరుకున్నారు. ముసలమ్మ ఎక్కింది. ఆమె ఒళ్లో బుట్ట, బుట్టలో కోడి. నది మధ్యకు రాగానే, ఎవరూ చెప్పకుండానే, మెహరున్నీసా బొటనవేలు పైకెత్తేసింది.

పడవ నిలిచింది. ముసలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలితో చాలాకాలంగా మాటల్లేవట. ఈ కోడి ఇచ్చే వంకతో పలకరిద్దామని వెళ్తోందట. ఇంటి ముందు దాకా వెళ్లాక చెల్లెలు తలుపు వేసుకుంటే ఎలా అని దిగులట. నర్సు వచ్చి యంత్రం మీద అంకెలు చూసి వెళ్లింది. ఆ ఇద్దరూ తలెత్తలేదు. రెండు తెల్లటి తలలు ఆ చిన్న ఫోన్ మీద ఆనుకుని ఉన్నాయి.

"తలుపు తీస్తుందిలే, వెళ్లు" అంది మెహరున్నీసా, ఫోన్‌తో.

వాగ్దేవి రేవు ఆడేవాళ్లను ఎందరినో చూసింది. ముసలమ్మకు ధైర్యం చెప్పినవాళ్లను మాత్రం చూడలేదు. ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఉస్తాద్ మీద ఎంత ప్రేమ వచ్చిందో, తన మీద తనకు అంత కోపమూ వచ్చింది.

ముసలమ్మను అవతల దింపేశాక మెహరున్నీసా దిండుకు జారగిలబడి ఊపిరి తీసుకుంది. మొహం వెలుగుతోంది.

"ఎంత బావుందో అమ్మాయ్! మా లంకకి వెళ్లొచ్చినట్టుంది. ఇక్కడ పడుకుంటే పొద్దే పోదు నాకు."

కొంచెం ఆగి, మొహమాటపడుతూ అడిగింది.

"కానీ మంగళవారం ఈయన రారమ్మాయ్, కళ్లాసుపత్రికి వెళ్లాలి. నాకు ఈ ఒక్క చెయ్యే కదా. అప్పుడు ఎలా ఆడను?"

వాగ్దేవి ఫోన్ తీసుకుని, ఆవిడ కుడి చేతిని కాసేపు తన రెండు చేతుల్లో పట్టుకుని, బయటికి వచ్చేసింది.

మెట్ల దగ్గర ఖాసిం గారు కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు.

"ఉస్తాద్, సోమవారం నేనేం చెప్పను?"

"సోమవారం సంగతి నాకేం తెలుసమ్మా" అన్నారాయన. "మీ పిన్ని మంగళవారం సంగతి అడిగింది. ముందు ఆమెకు జవాబు చెప్పు."