పెన్సిల్ చుక్కలు

భార్య ఫొటో ముందు నిలబడితే అచ్చన్నకి ఏడుపు రావడం లేదు. వరాలమ్మ పోయి ఒక వానాకాలం దాటింది. దండ వేస్తున్నాడు, అగరొత్తి వెలిగిస్తున్నాడు, కన్ను మాత్రం చెమ్మగిల్లదు. ఆమె మీద ప్రేమే లేదా అని తనంటే తనకే భయం పట్టుకుంది.

బొబ్బిలిలో ఫొటో స్టూడియో నడిపి పేరు తెచ్చుకున్నవాడు అచ్చన్న. ఆ రోజుల్లో నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెడితే, ఫొటోలో మొహం మీది మచ్చలు మాయమయ్యేవి. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. కాకిని పంపితే హంసను చేసి ఇస్తాడనేవారు. చిన్నప్పుడు అమ్మవారు పోసి మచ్చలు పడిన వరాలమ్మ మొహాన్ని కూడా అలాగే నున్నగా దిద్ది గోడకి తగిలించాడు. పెళ్ళైన కొత్తలో అది చూసి ఆమె, "ఎవరండీ ఈవిడ? బాగుంది, ఈవిడనే చేసుకోవలసింది" అని నవ్వింది. అతను దాన్ని మెప్పనుకున్నాడు.

తన బాధంతా పని నేర్పిన ఖాదర్ మాస్టారికి చెప్పుకున్నాడు. ఎనభై దాటిన ఆ పెద్దాయన ఓదార్చలేదు. పట్నం మ్యూజియంలో ఎవరో జపాను ఫొటోగ్రాఫర్ ఫొటోలు పెట్టారట, చూసొద్దాం పద అన్నారు.

అక్కడ గోడలనిండా ఒక్కతే మనిషి. ఆ ఫొటోగ్రాఫర్ భార్య, ఇప్పుడు లేదట. తడి జుట్టు పిండుకుంటోంది. పళ్ళతో దారం తెంపుతోంది. అన్నం తింటూ తింటూ కునుకు తీసింది, గడ్డానికి మెతుకు అంటుకునే ఉంది. వరాలమ్మ కూడా వేసవి మధ్యాహ్నాలు డార్క్‌రూమ్ గుమ్మంలో విసనకర్ర పట్టుకుని అలాగే కునికేది. లేపితే, అసలు నిద్రే పోలేదని దబాయించేది. ఆ మధ్యాహ్నాలన్నీ ఎటు పోయాయో అనిపించింది అచ్చన్నకి.

అయినా చేతి అలవాటు ఊరుకుంటుందా? ఆ జపాను ఆవిడ చెంప మీద కాలిన మచ్చ కనబడగానే, "చిటికెలో తీసెయ్యొచ్చు మాస్టారూ, ఈయనకి పని రాదు" అన్నాడు.

మాస్టారు జేబులోంచి పెన్సిల్ తీశారు. మ్యూజియం టికెట్టు వెనక్కి తిప్పి, రెండూ అతని చేతిలో పెట్టారు.

"వరాలమ్మ నెగటివ్ మీద ఎక్కడెక్కడ చుక్కలు పెట్టావో, దీనిమీదా అక్కడక్కడే పెట్టు."

ఇదేం పరీక్ష అనుకుంటూ అచ్చన్న బల్ల మీద కూర్చున్నాడు. కంటి కొసన ఒకటి. ముక్కు పక్కన జంటగా. నవ్వితే బుగ్గ సొట్టలో దాక్కునేది ఒకటి. చెవి కింద, తల దువ్వుకునేటప్పుడు ఆమె కొంగుతో కప్పుకునేది ఒకటి. చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. కాగితం మీద కళ్ళు లేవు, ముక్కు లేదు, ఉన్నవన్నీ చుక్కలే.

పెదవి కింద చుక్క దగ్గర పెన్సిల్ ఆగిపోయింది.

"వచ్చింది మాస్టారూ" అన్నాడు. కన్నీళ్ళు కాగితం మీద పడకుండా దాన్ని పక్కకి జరిపాడు.

కాసేపటికి ఆ చెయ్యి మళ్ళీ కాగితం వైపు కదిలింది. మాస్టారు మెల్లగా పెన్సిల్ తీసేసుకున్నారు.

"చాలు. ఇంక దిద్దకు."